వజ్రమ్మ గారి కుమారుడు

మెదక్ చర్చి గేటు దాటాక ఎడమవైపు సందులో, కింద కుట్టుమిషన్, పైన కంప్యూటర్ నడిచే ఇల్లు ఒకటుంది. మిషన్ బాలలక్ష్మిది. కంప్యూటర్ ఆమె కొడుకు అమరేందర్‌ది. పొద్దున్నుంచీ కింద మిషన్ చప్పుడు, పైన కీబోర్డు చప్పుడు. బాలలక్ష్మికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. మధ్యాహ్నం మెట్ల కింద నిలబడి "అన్నం పెట్టిన, రా" అని పిలుస్తుంది. కొడుకు "వస్తున్న" అంటాడు, అన్నం చల్లారాక దిగుతాడు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఇంతకంటే పెద్ద విశేషం ఏమీ జరగలేదు.

అమరేందర్ పని వెబ్‌సైట్లు నడపడం. హైదరాబాద్ కంపెనీల కోసం చేసేవి కావు. జనం కూడి మాట్లాడుకునే సైట్లు. ఊరందరికీ ఊరి పాత పేరు మీద 'మెతుకు ముచ్చట' అని ఒకటి, కులసంఘం వాళ్లకొకటి, రామాయంపేట మెకానిక్‌లకొకటి. కట్టింది అతనే, కాపలా అతనే, ఎవరైనా బూతులు రాస్తే చెరిపేదీ అతనే. ఆ జనం వల్లే అతని పొయ్యి వెలుగుతుంది. ఆ జనమంటేనే అతనికి ఎక్కడలేని చులకన.

చులకన కాక ఏముంటుంది మరి? గులాబీ పువ్వు మీద 'శుభోదయం' అని రాసి రోజూ తెల్లారకముందే పెట్టేవాడొకడు. దానికి వరసగా 'మీకు కూడా' అని బదులిచ్చే ఊరు ఊరంతా. నల్లా నీళ్లు రావట్లేదని ఒకరు మొత్తుకుంటే, దాని కిందే ఎవడో చోటా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. పాస్‌వర్డ్ పనిచేయట్లేదంటూ ఆ పాస్‌వర్డ్‌నే అందరూ చదివేచోట రాసిపెట్టే మహానుభావులు. సంఘం సైటులో ఎవరి ఫోటో పైన ఉండాలని అధ్యక్షుడూ కార్యదర్శీ ఇతని ఇంటికే వచ్చి చొక్కాలు పట్టుకున్నారు. "గొర్లు. వట్టి గొర్లు" అనేవాడు అమరేందర్. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో కనిపించే తృప్తిని చూస్తే ఆ గొర్లే నయమనిపించేది.

తల్లి కూడా ఆ చులకనలోంచి తప్పించుకోలేదు. కిందటేడు ఒకరోజు బాలలక్ష్మి మొహమాటంగా అడిగింది.

"బిడ్డా, నా మిషన్ ముచ్చట జర నీ సైట్ల పెట్టరాదు? బ్లౌజులు, ఫాల్, పికో అని. నలుగురు చూస్తరు."

చెప్పి ఊరుకోలేదు. చిలకపచ్చ చీర కట్టుకుని, మెడలో కొలతల టేపు అట్లాగే ఉంచుకుని, స్టూడియోకి పోయి ఫోటో దిగి వచ్చింది. అమరేందర్ ఆ ఫోటోను కంప్యూటర్‌లో ఎక్కడో పడేశాడు. రెండోసారి అడిగితే, "గొర్ల మందల నీ ఫోటో ఎందుకమ్మా" అన్నాడు. ఆమె నవ్వి మిషన్ ముందు కూర్చుంది. మూడోసారి అడగలేదు.

సైటులో జనం అన్నిటికంటే ఆబగా చదివేది చావు కబుర్లని అమరేందర్ గమనించాడు. అందుకని 'శ్రద్ధాంజలి' అని ప్రత్యేకంగా ఒక పేజీ కట్టాడు. పోయినవాళ్ల ఫోటో, పేరు, ఊరు, కింద కుమారుడి పేరు, ఇంటి చిరునామా. కుమారుడి గడి ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలకుండా చేశాడు. బాధ్యుడి పేరు అడక్కపోతే, పడనివాడు బతికుండగానే వాడి చావును ఊరికి చాటే ఘనులున్నారని అతనికి తెలుసు.

కొత్త పేజీ కట్టినప్పుడు ఒక ఉత్తుత్తి మనిషిని ఎక్కించి చూసుకోవడం ఆ వృత్తిలో రివాజు. మామూలుగా అ ఆ ఇ ఈ అని ఏదో ఒకటి కొట్టి సరిపెడతారు. ఆ రోజు ఇతనికి సరదా పుట్టింది. పేరు వజ్రమ్మ అని కొట్టాడు. ఊరు ఎల్దుర్తి అన్నాడు. ఎవరి మొహమూ కాని మొహం ఒకటి కంప్యూటర్ చేతనే తయారు చేయించాడు. ముడతలు పడ్డ బుగ్గలు, పెద్ద బొట్టు, కొంచెం వంకర నవ్వు. మెడ వరకే ఉంది ఫోటో. కుమారుడి గడి దగ్గర ఆగాల్సి వచ్చింది. ఎవరి పేరు వేస్తే ఎవరితో ఏం గొడవోనని, తన పేరూ తన ఇంటి చిరునామా వేసుకున్నాడు. కింద నుంచి తల్లి పిలిచింది. అన్నానికి దిగాడు. పేజీని దాచే మీట నొక్కడం మరచిపోయాడు.

తిరిగొచ్చి చూస్తే వజ్రమ్మ కింద ఓం శాంతులు బారులు తీరి ఉన్నాయి.

అమరేందర్ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. పుట్టని మనిషికి ఏడుస్తున్నారు. 'చాలా మంచి మనిషి' అని ఒకడు. 'నమ్మలేకపోతున్నాను' అని ఇంకొకడు. తీసేద్దామని చెయ్యి పోయింది గాని, ఈ మూర్ఖత్వం ఎంత దూరం పోతుందో చూద్దామనిపించింది. ఉండనిచ్చాడు.

సాయంత్రానికి ముచ్చట్లు మొదలయ్యాయి. గాలయ్య అని ఒక రిటైర్డ్ కండక్టర్ ఉన్నాడు, ఏ వార్త కిందైనా తన బస్సు కథ ఒకటి చేర్చనిదే నిద్రపోడు. 'ఎల్దుర్తి బస్సు ఎక్కేది. ఎడమ కాలు ఈడ్చుకుంట నడిచేది. పక్కన కూసుంటే కుంకుడుకాయ వాసన' అని రాశాడు. అమరేందర్ పెదవి విరిచాడు. కొంచెం సేపటికి, చర్చి బడిలో చదువు చెప్పి రిటైరైన ప్రకాశం సార్ రాశాడు. 'క్రిస్మస్‌కు వచ్చి చివరి బల్ల మీద కూర్చునేది. తలుపు ఎన్నడూ చేత్తో తట్టదు. ముంజేతి వెండి కడెంతో మూడుసార్లు కొడుతుంది.' ఆ తర్వాత శంకరంపేట నుంచి ఎవరో. కడెం, కాలు, కుంకుడుకాయ... మళ్లీ అవే.

ఒకరిది చూసి ఒకరు రాస్తున్నారులే అనుకున్నాడు అమరేందర్. గొర్లు చేసేది అదేగా. అయినా ఆ రాత్రి పడుకునే ముందు, తను చేయించిన ఫోటోను ఇంకోసారి చూసుకున్నాడు. మెడ వరకే ఉంది.

మర్నాటి నుంచి ఇంటికి పరామర్శకు జనం రావడం మొదలైంది.

చిరునామా ఉంది కదా, వస్తారు. ఈ ఊళ్లో బతికున్నవాణ్ణి పలకరించడానికి తీరిక ఉండదు గాని చచ్చినవాళ్ల ఇంటికి చెప్పులరిగేలా తిరుగుతారు. తలుపు తీసింది బాలలక్ష్మి. గాలయ్య ఆమెను దాటుకుని లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. ప్రకాశం సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంత పని అయినంక మాకు కబురన్న చెయ్యకపోతివి అమరేందర్" అన్నాడు గాలయ్య. తర్వాత బాలలక్ష్మి వైపు తిరిగాడు. "మీరేమైతరమ్మా వీళ్లకు?"

బాలలక్ష్మి చేతిలో కత్తెర అట్లాగే ఆగిపోయింది.

"నేను వీని తల్లిని" అంది.

గాలయ్య జాలిగా తలూపాడు. పెంచినవాళ్లు కూడా తల్లులే కదమ్మా అన్నాడు.

వాళ్లు పోయాక ఆమె కొడుకును నిలదీసింది. జరిగింది విని కత్తెర పక్కన పెట్టింది. "పుట్టని మనిషిని పుట్టించినవ్. మళ్ల నువ్వే సంపినవ్. తీసెయ్ బిడ్డా, ఇప్పుడే తీసెయ్" అంది.

తీసేశాడు. శ్రద్ధాంజలి పేజీ మొత్తం మూసేసి ఒక ప్రకటన కూడా రాశాడు. వజ్రమ్మ అనే మనిషి లేదనీ, అది పేజీని పరీక్షించడానికి పెట్టిన ఉత్తుత్తి పేరనీ, లేని మనిషిని గుర్తుపట్టినవాళ్లందరికీ తన జోహార్లనీ రాశాడు. చివరి మాట రాసేటప్పుడు అతనికి బాగా హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. 'కన్నతల్లిని లేదంటావా' అన్నాడొకడు. 'తద్దినం ఖర్చుకు భయపడ్డాడు' అన్నాడింకొకడు. ఇన్నాళ్లు ఇతను ఊరి మీద ఊసిన ఉమ్మి అంతా ఒక్కసారిగా ఇతని మొహాన పడింది. బజారులోకి వస్తే టీకొట్టు దగ్గర మనుషులు మాటలాపి పక్కకు జరిగారు. గాలయ్య దారిలో ఆపి తన ఫోన్ తీసి చూపించాడు.

"గీమె లేదంటవా? గీమె?"

పేజీ ఉన్నప్పుడు దింపుకున్న ఫోటో. అదే బొట్టు, అదే వంకర నవ్వు. కాని ఫోటో మెడ దగ్గర ఆగలేదు. నడుము దాకా ఉంది. బుగ్గకు ఆనించుకున్న ముంజేతికి లావుపాటి వెండి కడెం. తలంటుకుని ఆరబెట్టుకోనట్టు, జుట్టు తడిగా భుజాల మీద పడి ఉంది.

అమరేందర్ ఇంటికొచ్చి కంప్యూటర్ అంతా వెతికాడు. తన దగ్గరున్నది మెడ వరకే ఉంది.

ఎదురింటి సుమన పాల ప్యాకెట్టు కోసం గేటు దగ్గర నిలబడింది. ఆమె పెళ్లి బ్లౌజు దగ్గర్నుంచి బాలలక్ష్మి కుట్టిందే. ఒంటి మీదున్నదీ ఆమె కుట్టిందే. బాలలక్ష్మిని చూసి మర్యాదగా నవ్వి అడిగింది.

"ఎవరింటికి వచ్చిండ్రు పెద్దమ్మా? ఈ సందుల ఎప్పుడు సూడలే మిమ్మల్ని."

బాలలక్ష్మి పాలు తీసుకోకుండానే వెనక్కి వచ్చింది. ఆ వారం ఒక్కరూ బ్లౌజు తేలేదు, కుట్టి ఉంచినవి ఎవరూ తీసుకుపోలేదు. మిషన్ చప్పుడు ఆగిపోయాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అమరేందర్‌కు మొదటిసారి తెలిసింది. రాత్రి ఆమె చీకట్లో కూర్చుని మాట్లాడింది.

"నన్ను మర్చిపోతున్నరు బిడ్డా. ఆమె నా జాగల కూసుంటున్నది. ఆమెకు పిట్టకు పెట్టి సాగదోలు. లేకుంటే నేను మిగల."

పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే, కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఇంకా ఏదో కావాలని ఇక్కడే ఉన్నట్టు. ఇట్లాంటివి వినేటప్పుడు అమరేందర్ ఆవలించేవాడు. ఈసారి ఆవలించలేదు. తల్లి మాట విని అతనికి నిజంగా భయం వేసింది. సరేనన్నాడు.

డాబా మీద మోదుగాకుల విస్తరి వేశారు. బాలలక్ష్మి మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. జొన్నరొట్టె, పప్పు, బెల్లం అన్నం తనే వండింది. వజ్రమ్మకు ఏమిష్టమో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దమనుషులుగా గాలయ్య, ప్రకాశం సార్ వచ్చి నిలబడ్డారు. మబ్బు కమ్మి ఉంది. గాలి లేదు. చర్చి శిఖరం మసగ్గా కనిపిస్తోంది. ఎదురుగా కరెంటు తీగల మీద కాకులు వరసగా కూర్చున్నాయి. చాలా ఉన్నాయి.

ఒక్కటీ అరవలేదు.

ఒక్కటీ దిగలేదు.

విస్తట్లో అన్నం చల్లబడింది. పొద్దు కుంకుతోంది. చీకటి పడితే కాకి ముట్టదు. కాకుల చూపు విస్తరి మీద లేదు. అమరేందర్ మీద ఉంది.

"మొక్కు" అన్నాడు ప్రకాశం సార్ మెల్లగా.

మొక్కాడు. దిగలేదు.

"కన్నకొడుకు పిలువాలె" గుసగుసగా అన్నాడు గాలయ్య. "అమ్మా, వచ్చి తిను అను. ఒక్క మాట."

వెనక నుంచి బాలలక్ష్మి అతని చొక్కా పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"అనకు బిడ్డా..." చెవి దగ్గర వినీ వినపడనట్టు అంది. "గది నన్ను పిలిచే పిలుపు. ఇంకేదన్న ఇయ్యి. గది ఇయ్యకు."

అమరేందర్ ఒక్క క్షణం ఆగాడు. గాలయ్య మొహం చూశాడు. ప్రకాశం సార్ మొహం చూశాడు. పిచ్చి నమ్మకంతో నోళ్లు తెరుచుకుని నిలబడ్డ ఆ మొహాలు చూడగానే పాత అసహ్యం మళ్లీ పొంగింది. ఒక్క మాటే కదా, ఉత్త మాట. అనేస్తే ఈ గొర్లు దిగిపోతాయి, పీడా పోతుంది, తల్లికి ధైర్యంగా ఉంటుంది అనుకున్నాడు.

"అమ్మా, వచ్చి తిను" అన్నాడు, నాటకం డైలాగు అప్పజెప్పినట్టు.

తీగలన్నీ ఒక్కసారి ఊగాయి. కాకులన్నీ దిగాయి. విస్తరి కనపడలేదు, నల్లటి రెక్కలు తప్ప. అంత మంద తింటున్నా చప్పుడు లేదు.

"ముట్టింది" అన్నాడు గాలయ్య తృప్తిగా. ఇద్దరూ చేతులు దులుపుకుని కిందికి దిగిపోయారు.

కాకులు లేచిపోయాక విస్తట్లో మెతుకు లేదు. చీకటి పడింది. అప్పుడు కింద వీధి తలుపు మీద...

టక్.

టక్... టక్.

అమరేందర్ చొక్కా పట్టుకున్న వేళ్లు వదిలేశాయి. తిరిగి చూశాడు. బాలలక్ష్మి అతన్ని చూస్తోంది. కోపం లేదు, ఏడుపు లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి చూసినట్టు చూస్తోంది.

"మీ అమ్మ వచ్చినట్టుంది బాబూ" అంది. "పోయి తలుపు తియ్యుండ్రి."

కన్నతల్లి తనను మీరు అనడం అతని గుండెకు తగిలింది. ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ఎక్కేటప్పుడున్న నొప్పి ఏమీ లేనట్టు తేలిగ్గా దిగింది. అతను తేరుకుని పరుగున కిందికి వచ్చేసరికి ఎవరూ లేరు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆమె మెడలోంచి ఎన్నడూ తీయని కొలతల టేపు, చుట్టచుట్టి గుడ్డ మీద పెట్టి ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

సందులోకి పరుగెత్తాడు. సుమన గేటు దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, మా అమ్మ ఎటు పోయింది? చూసినవా?"

"ఎటు పోయిందేంది?" సుమన వింతగా చూసింది. "ఇప్పుడే గద లోపలికి పోయింది. నా పక్కకెంచే పోయింది. తలంటుకున్నట్టుంది, కుంకుడుకాయ వాసన."

"ఆమె కాదక్కా... మా అమ్మ. బాలలక్ష్మి. నీకు బ్లౌజులు కుట్టే..."

"బాలలక్ష్మి ఎవరు?" అంది సుమన.

బస్టాండు దాకా పోయాడు. బంధువులకు ఫోన్లు చేశాడు. పేరు చెప్పగానే రాంగ్ నంబర్ అని పెట్టేశారు. తిరిగొచ్చి గడపలో నిలబడ్డాడు. ఇంట్లో కుంకుడుకాయ వాసన గుప్పుమంది. గచ్చు మీద తడి అడుగులు. కుడి పాదం గుర్తు స్పష్టంగా ఉంది. ఎడమ పాదం ఉండాల్సినచోట పొడుగ్గా ఈడ్చిన తడి గీత. అవి వంటింటి దాకా పోయాయి. వంటింట్లో దీపం వెలుగుతోంది. ఎవరో రొట్టె కొడుతున్నారు. అరచేతి దెబ్బ, వెంటనే కడెం గలగల... దెబ్బ, గలగల...

వంటింట్లోకి తొంగిచూసే ధైర్యం అతనికి లేదు. ఊరందరినీ గొర్లన్న ఆ మొనగాడు చెప్పులు చేతబట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లెక్కి, పై గది గొళ్లెం పెట్టుకున్నాడు.

కంప్యూటర్ తెర వెలిగే ఉంది. అతను మూసేసిన శ్రద్ధాంజలి పేజీ తెరిచి ఉంది.

చిలకపచ్చ చీర. మెడలో టేపు. స్టూడియో వాడు నవ్వమంటే మొహమాటంగా నవ్విన నవ్వు. ఏడాదిగా సైటులో పెట్టని ఫోటో.

బాలలక్ష్మి, మెదక్.

కింద ఓం శాంతి అని ఒక్కరూ రాయలేదు. 'ఎవరీమె?' అని గాలయ్య. 'మన ఊరామె కాదనుకుంటా' అని ప్రకాశం సార్. 'ఎప్పుడూ చూడలేదు' అని సుమన. అంతే. పుట్టని మనిషి కోసం కుండలకొద్దీ కన్నీళ్లు కార్చిన ఊరు, తన బట్టలన్నీ కుట్టిన మనిషికి ఒక్క చుక్క రాల్చలేదు. అమరేందర్‌కు ఏడుపొచ్చింది. ఫోటో కింద కుమారుడు అన్న గడి చూశాడు.

ఖాళీగా ఉంది.

ఆ గడి ఖాళీగా ఉంటే పేజీ ముందుకు కదలదు. అట్లా కట్టింది అతనే. ఆ గడిలో తన పేరు కొట్టాడు. ఒక్కో అక్షరం సరిచూసుకున్నాడు. కింద మెట్ల దగ్గర ఇనుప కమ్మీకి కడెం తగిలింది. మూడుసార్లు.

"అన్నం పెట్టిన" అంది ఒక గొంతు. "రా."

అతను మీట నొక్కాడు. తెర మీద చక్రం కాసేపు తిరిగింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఎవరో మొదటి మెట్టు ఎక్కారు. చక్రం ఆగి, ఎర్రటి అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది.

'ఈ కుమారుడికి ఇప్పటికే తల్లి ఉంది.'

ఆ సైటులో కనిపించే ప్రతి మాటా అమరేందర్ రాసిందే. ఈ వాక్యం అతను రాయలేదు.